చిట్టా, ఆవర్జా, కంప్యూటరు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంపాదకవర్గం వారు కోరారు. కాకతీయుల గురించో, గోల్కొండ సుల్తానుల గురించో రాయగల పండితులు మన సంఘంలో వేరే ఉన్నారు. నేను రాయదలచినది మన సర్వీసు కాలంలోనే, మన కళ్ళ ముందే, హైదరాబాదు ఉత్తరపు శివారులో జరిగిన చరిత్ర. అంత దగ్గరిది గనుకనే మనం దానిని చరిత్రగా లెక్కించడం లేదు.

దీనినే ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ మధ్య మన సభ్యులు ఏ నలుగురు కలిసినా ఒక మాట తప్పకుండా వస్తున్నది. కొడుకో, అల్లుడో, మనవడో మంచి ఉద్యోగం మానివేసి స్టార్టప్ పెడతానంటున్నాడు. పెట్టుబడికి ముందుగా కనబడేవి మన ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఆ పైన మన ఇంటి దస్తావేజులు. "సాఫ్ట్‌వేరు తయారైపోయింది తాతయ్యా, ఇక డబ్బు ఒక్కటే కావాలి" అంటాడు. సాఫ్ట్‌వేరు తయారైతే వ్యాపారం కూడా తయారైనట్టేనా?

కాదని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేరు అంటే సరుకు. సరుకు తయారు చేయడం ఒక విద్య. అది ఎవరికి కావాలో తెలుసుకోవడం, ధర కట్టడం, అమ్మడం, డబ్బు వసూలు చేసుకోవడం, లెక్క నిజంగా రాసుకోవడం వేరే విద్యలు. మొదటిది ఎంత బాగా వచ్చినా తక్కినవి లేనిచోట ఏమయిందో, ఉన్నచోట ఏమయిందో చెప్పడానికి దూరదేశాల ఉదాహరణలు అక్కరలేదు. పదవీ విరమణ తరువాత నేను స్థిరపడిన దూలపల్లి చుట్టుపక్కల చరిత్రే చాలు.

దూలపల్లి చుట్టూ

దూలపల్లి 2016 అక్టోబరులో జిల్లాల పునర్విభజన జరిగేదాకా రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఇప్పుడు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉంది. ఊరి పేరు చెప్పగానే చాలామందికి ఫారెస్ట్ అకాడమీ గుర్తుకు వస్తుంది. అటవీ శాఖ శిక్షణలో చెట్ల పేర్లు, నేలల స్వభావం మాత్రమే చెప్పి ఊరుకోరు. అటవీ చట్టాలు, సర్వే, ఆఫీసు పద్ధతులు, జమాఖర్చులు కూడా నేర్పుతారు. చెట్టు ఒక్కటే తెలిసినవాడు అడవిని కాపాడలేడని ఆ శాఖ ఏనాడో గ్రహించింది.

ఈ ఊరికి పడమర పక్కన బహదూర్‌పల్లి. ఒకప్పటి సత్యం కంప్యూటర్స్ క్యాంపస్ అక్కడిదే. ఉత్తరాన మేడ్చల్, అక్కడ శాంతా బయోటెక్నిక్స్. తూర్పున శామీర్‌పేట వైపు వెళితే జీనోమ్ వ్యాలీ, భారత్ బయోటెక్. దక్షిణాన జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామిక వాడలు. అరవై ఏళ్ళ పారిశ్రామిక చరిత్ర నాలుగు దిక్కులా పరచుకుని ఉంది.

ముందు దక్షిణం సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐ.డి.పి.ఎల్. 1961లో ఏర్పడింది. సోవియట్ సహాయంతో బాలానగర్‌లో మందుల ఫ్యాక్టరీ వెలిసింది. రసాయన శాస్త్రంలో ఆరితేరిన తరమొకటి అక్కడ తయారయింది. అయినా సంస్థ మాత్రం నష్టాలలో కూరుకుపోయి, 1992లో బి.ఐ.ఎఫ్.ఆర్. చేత ఖాయిలా పరిశ్రమ అనిపించుకుంది. అదే సంస్థలో ఉద్యోగం చేసి 1975లో బయటికి వచ్చిన డాక్టర్ కె. అంజిరెడ్డి మరో రెండు కంపెనీలలో వ్యాపారం ఒంటబట్టించుకున్న తరువాత, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. రసాయన విద్య ఐ.డి.పి.ఎల్.కూ ఉంది, ఆయనకూ ఉంది. ఆ విద్యకు ఆయన జోడించుకున్నది ఏ మందు తయారు చేయాలో, ఎంతకు చేయాలో, ఎవరికి అమ్మాలో నిర్ణయించుకునే నేర్పు.

కంప్యూటర్ల విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. కుషాయిగూడ దగ్గరి ఇ.సి.ఐ.ఎల్. 1967 ఏప్రిల్‌లో డాక్టర్ ఎ. ఎస్. రావు నాయకత్వంలో ప్రారంభమై, 1969లో టి.డి.సి.-12 అనే కంప్యూటరును తయారు చేసింది. విదేశీ మారకద్రవ్యానికి కటకటలాడుతున్న రోజుల్లో అది సామాన్యమైన పని కాదు. కాగా 1984 నవంబరులో వచ్చిన కొత్త కంప్యూటర్ విధానం దిగుమతులను సులభం చేసింది. ఆ తరువాత ఆఫీసు బల్లల మీదికి చేరిన పీసీలు ఎక్కువగా వేరే కంపెనీలవి. ఇ.సి.ఐ.ఎల్. అణుశక్తి, రక్షణ, ఎలక్ట్రానిక్ ఓటింగ్ యంత్రాల రంగాలలో పేరు నిలుపుకుంది. కంప్యూటరు చేయగల శక్తి ఉన్నంత మాత్రాన కంప్యూటరు బజారు చేతికి రాదు.

మన కౌంటర్లలో నేర్చుకున్న పాఠం

సాఫ్ట్‌వేరు కొనేవారి వైపు నుండి మనం ఒక చరిత్రకు సాక్షులం. బ్యాంకుల్లో యంత్రాలు పెట్టే విషయమై 1983 సెప్టెంబరు 8న యాజమాన్యాలకు, యూనియన్లకు ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది. తరువాత మన శాఖలకు ఎ.ఎల్.పి.ఎం.లు వచ్చాయి. 1993 అక్టోబరు ఒప్పందం తరువాత ఆ వేగం ఇంకా పెరిగింది.

సేవింగ్స్ ఖాతా వడ్డీ సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. నెలలో పదో తారీఖు నుండి ఆఖరు రోజు వరకు ఉన్న కనిష్ఠ నిల్వ మీద వడ్డీ కట్టేవాళ్ళం. 2010 ఏప్రిల్ 1 నుండి అది రోజువారీ నిల్వ మీదికి మారింది. ప్రోగ్రాము రాసే కుర్రవాడికి ఇది లెక్కల పుస్తకంలో దొరకదు. లెడ్జరు ముందు కూర్చున్న గుమాస్తాను అడగాలి. అడిగి రాసినవారి ప్యాకేజీలు పనిచేశాయి. అడగకుండా రాసినవారివి మొదటి అర్ధసంవత్సరం క్లోజింగ్‌లోనే బోర్లా పడ్డాయి.

ఇందుకు గొప్ప ఉదాహరణ రైల్వే రిజర్వేషన్. సి.ఎం.సి. సంస్థ రూపొందించిన విధానం 1985-86లో ఢిల్లీలో మొదలయింది. అందులో కంప్యూటరు వేగం కంటె కష్టమైనది రైల్వే నిబంధనలను ఆకళించుకోవడం. కోటాలు, రాయితీలు, తరగతులు, వెయిటింగ్ లిస్టు, మధ్య స్టేషన్లకు కేటాయింపులు అన్నీ అందులో ఇమడాలి. కొనేవాడి పనిని వాడికన్నా శ్రద్ధగా నేర్చుకోవడం వ్యాపారంలో మొదటి మెట్టు.

రెండో మెట్టు ధర. 1990లలో నేను చిన్న పరిశ్రమల అప్పుల విభాగంలో పనిచేస్తున్నప్పుడు సహకార బ్యాంకులకు సాఫ్ట్‌వేరు అమ్మే ఒక చిన్న కంపెనీ మా శాఖలో ఖాతా పెట్టింది. ముగ్గురు ఇంజనీర్లు, ముగ్గురూ బుద్ధిమంతులు. వారి ప్యాకేజీ మీద ఎక్కడా ఫిర్యాదు లేదు. అయితే వారు ధర కట్టింది ప్రోగ్రాము రాసినందుకు మాత్రమే. అమ్మిన తరువాత ప్రతి అర్ధసంవత్సరం క్లోజింగ్‌కు ఒక మనిషి జిల్లాలకు వెళ్ళాలి, బస్సు చార్జీ, బస, భోజనం పెట్టుకోవాలి, నిబంధన మారినప్పుడల్లా ప్రోగ్రాము సవరించాలి. ఆదాయం ఒక్కసారి, ఖర్చు ప్రతిసారీ. అందువల్ల ఖాతాదారులు పెరిగినకొద్దీ నష్టం పెరిగింది. దానికి తోడు కొన్నవారు చివరి వాయిదా నెలల తరబడి ఆపేవారు. అడగడానికి వీరికి మొహమాటం. కరెంటు ఖాతాలో జీతాలకు చాలినంత నిల్వ లేని నెల వచ్చేసరికి ముగ్గురూ తలా ఒక ఉద్యోగంలో చేరిపోయారు. ప్రోగ్రాములో తప్పు లేదు. ధరలోనూ, వసూలులోనూ ఉంది.

దీనినే మనం వర్కింగ్ క్యాపిటల్ అంటాం. ఉదాహరణకు నెలకు జీతాలు, అద్దె కలిపి 5 లక్షలయ్యే కంపెనీ ఉందనుకుందాం. పని ముగించి బిల్లు వేసిన మూడు నెలలకు గాని డబ్బు రాదనుకుందాం. కాగితం మీద ఎంత లాభం కనిపించినా, 15 లక్షలు చేతిలో లేకపోతే ఆ కంపెనీ నిలబడదు. ఇప్పటి జి.ఎస్.టి. ఈ ఇబ్బందిని మరికొంత పెంచింది. 2017 జులై 1 నుండి సాఫ్ట్‌వేరు సేవల మీద 18 శాతం పన్ను ఉన్నది. దేశంలోని ఖాతాదారుకు బిల్లు వేస్తే, అతడు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, పన్ను గడువు లోపల కట్టవలసిందే. చిన్న పరిశ్రమలకు 45 రోజులలోగా చెల్లించాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి ఎం.ఎస్.ఎం.ఇ. చట్టం చెబుతున్నది. ఆ చట్టాన్ని వాడుకోవాలంటే ముందు రిజిస్ట్రేషన్ ఉండాలి, రాతపూర్వకమైన ఆర్డరు ఉండాలి, బిల్లు తేదీ ఉండాలి. ఇవేవీ ఇంజనీరింగ్ కాలేజీలో చెప్పరు.

ఒకే గదిలో ఇరవై ఏళ్ళు

మన పిల్లలకు ఇవన్నీ ఎందుకు తెలియవు? వారికి తెలివి తక్కువై కాదు. దానికీ ఒక చరిత్ర ఉంది. 1990ల రెండో భాగంలో వై2కె పని వచ్చిపడింది. అమీర్‌పేటలో వీధివీధినా కంప్యూటర్ శిక్షణ కేంద్రాలు లేచాయి. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. ఊరూరా పొలాలమ్మి, పి.ఎఫ్. అప్పులు తీసి పిల్లలను చదివించాం. వారు మనకు మంచి పేరే తెచ్చారు.

అయితే ఆ ఉద్యోగాల స్వభావం గమనించాలి. ఖాతాదారును వెతికేది ఒక విభాగం, ధర మాట్లాడేది ఇంకొక విభాగం, బిల్లు వేసేది మరొకటి, బాకీ రాబట్టేది వేరొకటి. ప్రోగ్రాము రాసేవారు తమ గదిలో తమ పని చేసి, నెలాఖరుకు జీతం తీసుకున్నారు. ఇరవై ఏళ్ళ సాఫ్ట్‌వేరు అనుభవం ఉందంటే ఆ ఒక్క గదిలో ఇరవై ఏళ్ళు ఉన్నారని అర్థం. సొంత కంపెనీ పెట్టిన రోజు పక్క గదులన్నిటి తాళాలూ ఒక్కసారిగా వారి చేతికే వస్తాయి.

ఈ తాళాలు తీయడం నేర్చుకున్న తెలుగువారూ ఉన్నారు. రెడ్‌బస్ కథ చూడండి. నిజామాబాద్ ప్రాంతం నుండి వచ్చిన ఫణీంద్ర సామ బెంగుళూరులో ఇంజనీరు. 2005 దీపావళికి ఇంటికి రావడానికి బస్సు టికెట్టు దొరకలేదు. చరణ్ పద్మరాజు, సుధాకర్ పసుపునూరి అనే మిత్రులతో కలిసి, బస్సుల యజమానులు వాడుకోవడానికి ఒక సాఫ్ట్‌వేరు తయారు చేశారు. ముగ్గురూ బిట్స్ పిలానీలో చదివినవారే. తీరా చేస్తే ట్రావెల్స్ వారికి ఆ సాఫ్ట్‌వేరు అక్కరలేదు. ఖాళీ సీట్లు నిండడం ఒక్కటే వారికి కావలసింది. ఇది తెలుసుకున్న తరువాత మిత్రులు పంథా మార్చారు. బెంగుళూరులోని టై సంస్థ పెద్దల సలహాలు తీసుకుని, ఆపరేటర్ల దగ్గర కొద్దికొద్దిగా సీట్లు తీసుకుని, టికెట్లు అమ్మి పెట్టడం మొదలుపెట్టారు. 2006లో ప్రారంభమైన కంపెనీ ఏడేళ్ళకే, 2013లో, ఐబిబో గ్రూపు కొనుక్కునేటంత విలువైనదయింది. ఆ తరువాత కొంతకాలం ఫణీంద్ర సామ తెలంగాణ ప్రభుత్వానికి ప్రధాన ఇన్నొవేషన్ అధికారిగా కూడా పనిచేశారు.

ఇక్కడ మనం గమనించవలసినది వారు మంచి ప్రోగ్రాము రాయడం కాదు. రాసిన ప్రోగ్రాము ఎవరికీ అక్కరలేదని తెలిసినప్పుడు దానిని పట్టుకుని వేలాడకుండా, బస్సు యజమాని గల్లాపెట్టె వైపు నుండి ఆలోచించడం.

మేడ్చల్ టీకాలు

ఇప్పుడు ఉత్తర దిక్కుకు వెళదాం. కె. ఐ. వరప్రసాద్ రెడ్డి ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. జీవశాస్త్రం ఆయన చదువు కాదు. హెపటైటిస్-బి టీకా సామాన్యుడికి అందని ధర పలుకుతున్న రోజుల్లో, 1993లో, తల్లి పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ స్థాపించారు. విదేశీ సాంకేతిక సహాయం కోసం వెళితే ఆయనకు నిరాకరణే ఎదురయింది. దేశంలోని శాస్త్రవేత్తలను కూడగట్టారు. సి.సి.ఎం.బి. అండ దొరికింది. ఇక్కడి ఆర్థిక సంస్థలు వెనుకంజ వేసిన చోట ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవీ పెట్టుబడితో ముందుకు వచ్చారు. 1997 ఆగస్టులో షాన్‌వాక్-బి బజారులోకి వచ్చింది. వందల రూపాయలుండే దిగుమతి టీకా ధర ముందు దీని ధర చాలా చిన్నది.

దీనిని శాస్త్ర విజయంగా మెచ్చుకుంటాం, అది న్యాయమే. మన కళ్ళతో చూస్తే అది ధర కట్టడంలో విజయం కూడా. ఒక కుటుంబం తన పిల్లలకు మూడేసి డోసులు వేయించగల ధర ఎంత అన్న ప్రశ్న ముందు పుట్టింది. తయారీ దానికి లోబడి నడిచింది. నాణ్యత కూడా వ్యాపారంలో భాగమేనని అదే సంస్థ కథ చెబుతుంది. 2009లో సనోఫీ చేతికి వెళ్ళిన తరువాత, 2010లో షాన్5 టీకాకు నాణ్యత ఇబ్బంది వచ్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పోయింది. మళ్ళీ దానిని పొందేసరికి 2014 వచ్చింది.

శామీర్‌పేట వైపు భారత్ బయోటెక్ 1996లో మొదలయింది. శాస్త్రవేత్త డాక్టర్ కృష్ణ ఎల్లకు, ఆర్థికశాస్త్రం చదివిన సుచిత్ర ఎల్ల తోడుగా నిలిచి, ఇద్దరూ సహ వ్యవస్థాపకులయ్యారు. 2021 జనవరిలో కోవాక్సిన్‌కు అత్యవసర అనుమతి వచ్చినప్పుడు దేశమంతా ప్రయోగశాల గురించే మాట్లాడుకుంది. ఆనాటికి ఆ ప్రయోగశాలకు పాతికేళ్ళుగా ఖర్చులకు డబ్బు చూసి, అనుమతులు చూసి, కొనుగోలుదారులను చూసిన రెండో చేయి కూడా ఉందని మరవరాదు. స్టార్టప్ పెట్టే పిల్లలు తమలాంటి ప్రోగ్రామర్లనే నలుగురిని పోగేసుకోవడం చూస్తుంటాం. నలుగురిలో ఒక్కరైనా లెక్క తెలిసినవారు ఉండాలి.

బహదూర్‌పల్లి పాఠం

ఇక పడమటి దిక్కు. దీని గురించి రాయకుండా ఈ వ్యాసం ముగించడానికి వీలులేదు. మనలో చాలామంది ఆ షేర్లు కొన్నవాళ్ళం గనుక అసలే వీలులేదు.

సత్యం కంప్యూటర్స్ 1987 జూన్‌లో సికింద్రాబాదు వైపు చిన్నగా ప్రారంభమయింది. వ్యవస్థాపకుడు బి. రామలింగరాజు విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాలలో బి.కాం., అమెరికాలో ఎం.బి.ఏ. చదివారు. ట్రాక్టర్లు తయారు చేసే అమెరికా కంపెనీ జాన్ డీర్ 1991లో ఖాతాదారయింది. 1992లో కంపెనీ షేర్లు ప్రజలకు జారీ చేసింది. 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్చేంజిలో చోటు సంపాదించింది. బహదూర్‌పల్లిలో విశాలమైన క్యాంపస్ లేచింది. మా ప్రాంతంలో భూముల ధరలకు, పెళ్ళి సంబంధాలకు కూడా ఆ పేరే కొలమానమైన రోజులున్నాయి.

2008 డిసెంబరు 16న రాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను కొంటామని సత్యం ప్రకటించి, వాటాదార్లు గగ్గోలు పెట్టగానే వెనక్కి తీసుకుంది. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ వెలువడింది. పుస్తకాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఆయనే రాశారు. ముందు రోజు సుమారు 179 రూపాయలున్న షేరు ఆ ఒక్క రోజులో 40 రూపాయల దరికి పడిపోయింది. రిటైర్మెంటు డబ్బు అందులో పెట్టినవారికి లాభం గూబల్లోకి వచ్చింది.

ఆ లేఖలోని ఇంకొక లెక్క అందరూ మరచిపోయారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన త్రైమాసికానికి 2,700 కోట్ల ఆదాయం చూపారు, నిజంగా వచ్చినది 2,112 కోట్లు. నిర్వహణ లాభం 649 కోట్లుగా చూపారు, నిజానికి అది 61 కోట్లు. అంటే ఏమిటి? మూడు నెలల్లో రెండు వేల కోట్లకు పైగా విలువైన పని నిజంగా జరిగింది. దేశదేశాల ఖాతాదారులు ఆ పనిని మెచ్చి డబ్బు ఇచ్చారు. సాఫ్ట్‌వేరు నిజం. దాని మీద వేసిన లాభం అబద్ధం. వేల సంఖ్యలో నకిలీ బిల్లులు, లేని డిపాజిట్లకు రసీదులు పుట్టాయని దర్యాప్తులో తేలింది.

మనం బ్యాంకుల్లో పనిచేసినవాళ్ళం. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటరు ఎంత చిన్న కాగితమో మనకు తెలుసు. ఆడిటరు నేరుగా బ్యాంకుకు రాసి, బ్యాంకు నుండి నేరుగా జవాబు తెప్పించుకుని, ఆ జవాబునే నమ్మి ఉంటే ఇంత పెద్ద బొంకు ఇన్నేళ్ళు నిలబడేది కాదు. రామలింగరాజుకు వ్యాపార విద్య లేదని ఎవరూ అనలేరు. వ్యాపార విద్యలన్నీ ఉండి, ఉన్నది ఉన్నట్టు రాసే ఒక్క విద్య లోపిస్తే ఏమవుతుందో ఈ కథ చెబుతుంది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు ఆయనకు, మరో తొమ్మిది మందికి ఏడేళ్ళ శిక్ష విధించింది. మరుసటి నెలలో పై కోర్టు ఆ శిక్ష అమలును నిలిపి బెయిలు ఇచ్చింది.

ఇందులో మనం గర్వపడవలసిన అధ్యాయం కూడా ఒకటి ఉంది. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్, తరుణ్ దాస్, టి. ఎన్. మనోహరన్, ఎల్.ఐ.సి.కి చెందిన ఎస్. బి. మైనక్‌లను నియమించింది. వారెవరూ ప్రోగ్రాము రాయడానికి రాలేదు. ఖాతాదారులకు ధైర్యం చెప్పారు, జీతాలు ఆగకుండా చూశారు, బ్యాంకుల నుండి 600 కోట్ల అప్పు మంజూరు చేయించారు, బహిరంగ వేలంలో కంపెనీకి కొత్త యజమానిని వెతికారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయల చొప్పున వేలం గెలిచింది. సుమారు మూడు నెలల్లో వేల కుటుంబాల అన్నం నిలబడింది. ప్రోగ్రామర్లు తమ పని తాము చేస్తూ ఉండగా, ఆ పనికి గొడుగు పట్టింది చట్టం, లెక్కలు, బేరం తెలిసినవాళ్ళు. అందులో ఒకరైన మనోహరన్ చార్టర్డ్ అకౌంటెంటు, తరువాత కెనరా బ్యాంకు ఛైర్మన్ అయ్యారు.

2013లో ఆ కంపెనీ టెక్ మహీంద్రాలో విలీనమయింది. అదే సంవత్సరం వచ్చిన కొత్త కంపెనీల చట్టంలో ఆడిటర్ల మార్పిడి నిబంధనలు, మోసానికి కఠిన శిక్షలు చేరాయి. బహదూర్‌పల్లి ఆవరణలో 2014లో ఇంజనీరింగ్ కాలేజీ మొదలై, 2020లో మహీంద్రా యూనివర్సిటీగా పెరిగింది. అక్కడ ఇప్పుడు ఇంజనీరింగుతో పాటు మేనేజ్‌మెంటు, న్యాయశాస్త్రం కూడా బోధిస్తున్నారు. ఆ స్థలానికి అది తగిన చదువే.

డబ్బు ఇచ్చే ముందు

ఇదంతా పిల్లలను నిరుత్సాహపరచడానికి రాయలేదు. 2015లో టి-హబ్, 2016లో స్టార్టప్ ఇండియా వచ్చిన తరువాత కుర్రవాళ్ళకు సలహా చెప్పేవారు, పెట్టుబడి పెట్టేవారు మన కాలంలో కన్నా ఎక్కువగా ఉన్నారు. పెట్టనివ్వండి. అయితే చెక్కు మీద సంతకం చేసే ముందు, చిన్న పరిశ్రమల దరఖాస్తు బల్ల మీదికి వచ్చినప్పుడు మనం అడిగినట్టే, నాలుగు ప్రశ్నలు అడగండి.

మొదటిది, ఇప్పటికి ఎవరైనా డబ్బిచ్చి కొన్నారా? బాగుందన్నవాళ్ళ లెక్క వద్దు, డబ్బిచ్చినవాళ్ళ లెక్క చెప్పమనండి. రెండోది, ఒక్క ఖాతాదారుకు ఏడాది పొడవునా సేవ చేయడానికి అయ్యే ఖర్చెంత, అతడు ఇచ్చేదెంత? మూడోది, డబ్బు ఎన్నాళ్ళకు వస్తుంది, అందాకా జీతాలు ఎక్కడినుండి? నాలుగోది, లెక్కలు రాసేదెవరు, భాగస్వాముల మధ్య ఒప్పందం కాగితం మీద ఉందా? స్నేహితులు కలిసి పెట్టిన కంపెనీ విడిపోయే రోజున ఆ కాగితం స్నేహాన్ని కూడా కొంత కాపాడుతుంది.

వీటికి జవాబులు ఉంటే, పోయినా మన రోజులు గడిచిపోయేటంత మొత్తం ఇవ్వండి. అప్పుగా ఇస్తున్నారో, వాటాగా ఇస్తున్నారో రాయించుకోండి. హామీదారుగా సంతకం అడిగితే మాత్రం మనం ఎందరికి చెప్పామో మనకే గుర్తుండాలి. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత అసలు బాకీదారుతో సమానం. ఉన్న ఒక్క ఇంటి దస్తావేజులు ఏ బ్యాంకులోనూ పెట్టకండి, అది మనం పనిచేసిన బ్యాంకైనా సరే. అరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరకే అనలేదు.

జవాబులు లేకపోతే డబ్బుకు బదులు ఇవ్వదగినది మన దగ్గర వేరొకటి ఉంది. రోజూ సాయంత్రం ఒక గంట కూర్చుని వాళ్ళ క్యాష్‌బుక్ రాసిపెట్టండి. బాకీల జాబితా తయారు చేసి, ముప్పై రోజులు దాటినవాటికి ఎర్ర గీత పెట్టండి. బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకం సరిచూడండి. వసూలుకు ఫోను చేయడానికి పిల్లలు సిగ్గుపడితే మనం చేద్దాం, మనకు అలవాటైన పనే. మన సంఘంలో చార్టర్డ్ అకౌంటెన్సీ చదివినవారు, క్రెడిట్ విభాగాల్లో తలపండినవారు ఉన్నారు. నెలకొక ఆదివారం సంఘ కార్యాలయంలో కూర్చుని మన సభ్యుల పిల్లల కంపెనీలకు ఉచితంగా సలహా ఇచ్చే ఏర్పాటు చేస్తే బాగుంటుందని కార్యవర్గానికి మనవి చేస్తున్నాను. నా పేరు జాబితాలో మొదట రాసుకోవచ్చు.